మంచుతెర వెనుక గంగ

నదులు, అడవులు, ఐతిహ్యాలు ఆలంబనగా వెలువడే ప్రకృతి ఛాయాచిత్రాలకు నేడు విశేషాదరణ ఉన్నది. మంచుతెర, మసక వెలుగు, పాలధారను తలపించే నీరు వాటి సామాన్య లక్షణాలు. చూడగానే ఏదో పురాతన గాథ స్ఫురిస్తుంది. ఆ గాథ ఆ స్థలానిదేనా, మంచు కల్పించిన భ్రమా అన్నది విమర్శకు ముఖ్యమైన ప్రశ్న. గంగను చిత్రించిన ఇద్దరి కృషిని పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే సమాధానం కొంత స్పష్టమవుతుంది.

1863లో భారతదేశానికి వచ్చిన ఆంగ్లేయుడు శామ్యూల్ బోర్న్ 1866లో గోముఖం చేరి గంగోత్రి హిమానీనదాన్ని చిత్రించాడు. ఆనాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, అక్కడే గుడారంలో కడగవలసి వచ్చేది. పలక కాంతిని గ్రహించేందుకు పట్టే వ్యవధిలో ప్రవాహం పొగవలె కరిగిపోయేది. నేటివారు కోరి సాధించే ఆ శోభ నాడు సాధనం విధించిన పరిమితి. బోర్న్ దృష్టి ఆంగ్ల ప్రకృతి చిత్రలేఖన సంప్రదాయానికి చెందినది. భగీరథుని తపస్సుకుగాని, శివుని జటాజూటానికిగాని అందులో తావు లేదు. అయినా రాతినీ మంచునూ యథాతథంగా నిలిపిన నిజాయితీ ఉన్నది. ఆ హిమానీనదం తరువాతి కాలంలో ఎంతో వెనుకకు తగ్గింది. దాని పూర్వరూపానికి ఆ చిత్రం నేడు సాక్ష్యం.

జైపూర్‌లో 1942లో జన్మించిన రఘుబీర్ సింగ్ మార్గం వేరు. వర్ణం భారతీయ దృష్టికి సహజమని నమ్మి, గంగపై 1974లో గ్రంథం వెలువరించాడు. మొంఘీర్‌లో 1967లో తీసిన చిత్రంలో వానజల్లు ఉన్నది, మసక ఉన్నది. కాని చూపు నిలిచేది తడిసిన చీరలతో ఒకరినొకరు ఆనుకొని నిలుచున్న స్త్రీలపైన. వాతావరణం అక్కడ అలంకారంగా మిగలక అనుభవమైంది. గంగ పురాణాన్ని అతడు ప్రత్యేకించి చిత్రించలేదు. నదితో మెలగే మనుషులలో చూశాడు.

అడవి విషయమూ ఇటువంటిదే. పందొమ్మిదో శతాబ్దంలో భాగీరథి లోయలోని హర్షిల్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ విల్సన్ దేవదారు వృక్షాలను నరికించి, దుంగలను నదిలో తేలవేసి రైలుమార్గాలకు పంపాడు. అతడు కట్టించిన వంతెన శిథిలమైనా, వెన్నెల రాత్రులలో దానిపై అతని గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుందని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. వినడానికి దయ్యపు కథే. దాని అడుగున నరికిన అడవి జ్ఞాపకం ఉన్నది. మంచులో మునిగిన దేవదారుల చిత్రం ఎంత మనోహరమైనా, ఏ లోయదో తెలియనప్పుడు ఈ కథను మోయలేదు.

భాగీరథిపై టెహ్రీ విద్యుత్కేంద్రం 2006లో ఉత్పత్తి ప్రారంభించేనాటికి పాత టెహ్రీ పట్టణం జలాశయంలో మునిగిపోయింది. ఇటువంటి చోట ఛాయాచిత్రం సౌందర్య వస్తువుగా మాత్రమే నిలిస్తే చాలదు. చిత్రశాలలు, ప్రభుత్వ భాండాగారాలు ప్రకృతి చిత్రాలను సేకరించేటప్పుడు స్థలం, తేదీ, స్థానికుల కథనం కూడా వాటితో భద్రపరచడం అవసరం. మంచు విడిపోయాక కూడా చూపడానికి ఒక చోటు, చెప్పడానికి ఒక కథ మిగిలిన చిత్రమే కాలానికి నిలుస్తుంది.