ఇనుము పుట్టిల్లు

మృగశిర కార్తె ఇంకా రాలేదు. వానలు దిగేలోగా గేటు పని తేల్చేయాలని మొన్న ఆదివారం తెల్లవారగానే వైర్ బ్రష్ పట్టుకుని కూర్చున్నాను. రాయ్‌పూర్ ఎండలు కదా, పది దాటితే ఇనుము మీద చెయ్యి ఆనదు.

నిరుడు ఈ పని ఒక పెయింటరుకు అప్పజెప్పాను. ఒక్క పూటలో నల్లగా నిగనిగలాడించి వెళ్ళాడు. దసరా నాటికి కింది మడతబందు దగ్గర చిన్న బుడగ లేచింది. గోటితో గిల్లితే పెచ్చు ఊడి, అడుగున ఎర్రటి పొడి రాలింది. తుప్పు మీదే రంగేశాడు! ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు అడుగుతుంది. లోపల అది ఉబ్బుతుంటే పైపొర లేవక ఏం చేస్తుంది? పైన పటారం, లోన లొటారం.

ఈసారి ముందు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాను. గట్టి చోట ఖంగుమంది, తుప్పు తిన్న చోట గొంతు పూడుకుపోయినట్టు పలికింది. వదులు పెచ్చులు పుట్టీ బ్లేడుతో గీకి, బ్రష్‌తో తోమి, ఉప్పు కాగితంతో రుద్దాను. ఇక్కడి కొట్లో దాన్ని 'రేగ్‌మాల్' అంటేనే ఇస్తారు. గుంతల్లో దిగిన తుప్పు ఎంత రుద్దినా రాదు. గ్లవుజులు తొడుక్కుని అక్కడ ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన మందు రాశాను. కాసేపటికి ఎరుపు నల్లబడింది. తుప్పు కాస్తా ఐరన్ ఫాస్ఫేటు అయిందన్నమాట. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, థిన్నరు గుడ్డతో తుడిచి, పొద్దు వాలేలోపే రెడాక్సైడ్ ప్రైమరు పూతకు దిగాను. ఈ పని రేపటికి పెట్టకూడదు. గాలిలో చెమ్మ ఉంటే తోమిన ఇనుము రాత్రికి రాత్రే మళ్ళీ తుప్పు పూస్తుంది.

మూత తీయగానే నవ్వొచ్చింది. రెడాక్సైడ్‌లోని ఎరుపూ ఐరన్ ఆక్సైడే. తుప్పుకు దగ్గరి చుట్టం. తుప్పులో నీరు కూడా కలిసుంటుంది, అంతే తేడా. అసలు ఇనుము పుట్టిందే అందులోంచి. దల్లీ రాజ్‌హరా కొండల్లోని ఎర్రరాయి, హెమటైట్, ఆ ఆక్సైడే. ఆ రాయి వెళ్ళేది భిలాయి ఉక్కు కర్మాగారానికి; 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. అక్కడ జరిగేదల్లా రాయిలోంచి ఆక్సిజన్‌ను ఊడబెరకడమే. మా ఊరి పక్క సిల్తరాలో స్పాంజ్ ఐరన్ బట్టీలదీ అదే పని. అంత నిప్పు పెట్టి విడదీసిన జంట, కాస్త తడి తగిలితే మళ్ళీ కలిసిపోతుంది. తుప్పంటే ఇనుము పుట్టింటికి బయల్దేరడమే.

శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన నాకు ఆ బెంగ తెలుసు. ఊరి నుంచి ఏటా వచ్చే ఆవకాయ జాడీయే కదా నన్నిక్కడ నిలబెట్టేది! గేటుకూ దాని పుట్టింటి మట్టే ఒక పూత పూశాను. ఈ ఏటికి ఉండిపోతుందిలే.