రామదాసు కీర్తనల్లో ప్రార్థన : దైవహృదయాన్ని కదిలించే తీరు

1. ఉపోద్ఘాతం

ప్రార్థన దైవహృదయాన్ని కదిలించగలదా? సర్వజ్ఞుడైన దైవానికి భక్తుని బాధ చెబితేగాని తెలియదనలేము. తెలిసీ ఊరకున్నాడంటే దయామయుడనలేము. భక్తిసాహిత్యంలోని ఈ చిక్కుముడి నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న కీర్తనల్లో చెరసాల వేదనతో పెనవేసుకొని తీవ్రరూపం దాల్చింది. పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉంటూ శిస్తు సొమ్ముతో భద్రాచల రామాలయం కట్టించాడన్న ఆరోపణపై ఆయన తానీషా (పాలన: 1672–1687) కాలంలో గోల్కొండలో బందీ అయ్యాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారన్నది ఐతిహ్యం. ఈ ఐతిహ్యం కారణంగా రామదాసు కీర్తనలను ఫలించిన ప్రార్థనలుగా చదవడం అలవాటైంది. అయితే చెరలోని వేదనను పలికే ప్రధాన కీర్తనల్లో విడుదల లేదు. రాముని జవాబూ లేదు. కనుక ప్రార్థన పనిచేసే తీరును కీర్తనల పాఠంలోనే వెతకాలి.

2. లెక్క ఒప్పజెప్పడం

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో భరతునికి, లక్ష్మణునికి, సీతమ్మకు చేయించిన నగలు, వాటికైన ఖర్చు వరుసగా నమోదవుతాయి. ఇది శిస్తు అధికారికి అలవాటైన భాష. నవాబుకు చెప్పవలసిన లెక్కను గోపన్న రామునికి చెబుతున్నాడు. నగలు ధరించినవారే బాకీకి బాధ్యులన్నది అందులోని వాదం. ఆ సొమ్ము తండ్రి పంపాడా, మామ పెట్టాడా అని నిలదీసేంతవరకు అది సాగుతుంది.

దీనిని నిందాస్తుతి అనడం పరిపాటి. నిందాస్తుతిలో నింద వెనుక స్తుతి దాగి ఉంటుంది. ఇక్కడ నింద నిందగానే ఉంది. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని కవి చివర ఒప్పుకుంటాడు. శ్లేష కాక నొప్పే ఆ నిందకు సమర్థన.

3. సీతమ్మ ద్వారా విన్నపం

‘నను బ్రోవమని చెప్పవే’ కీర్తనలో విన్నపం సీతమ్మ ద్వారా సాగుతుంది. జీవుని పక్షాన అమ్మవారు స్వామికి చెప్పడాన్ని శ్రీవైష్ణవం పురుషకారం అంటుంది. రామదాసు ఈ సిద్ధాంతాన్ని సంసారపక్షంగా మలిచాడు. తన అర్హతలు ఏకరువు పెట్టడు; ఏకాంతవేళ చూసి చెప్పమంటాడు. దీన్నిబట్టి స్వామికి దయ లేదన్నది ఆయన అనుమానం కాదు. ఉన్న దయ వెలికి రావడానికి అదను కావాలన్నదే ఆయన నమ్మకం.

4. పూర్వోదాహరణల బలం

‘పలుకే బంగారమాయెనా’ కీర్తనలోని ఫిర్యాదు రాముని మౌనం మీద. ఆ మౌనానికి ఎదురుగా రామదాసు రామకథనే సాక్ష్యంగా నిలుపుతాడు: ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించినవాడు తనతో ఎందుకు మాట్లాడడు? ఉడుత ఏమీ అడగలేదు. అయినా కరుణ దక్కింది. అంటే ప్రార్థన కరుణను పుట్టించదు, పూర్వం చూపిన కరుణకు స్వామిని బాధ్యుణ్ణి చేస్తుంది.

ఈ వరుసలో తర్వాతి ఉదాహరణ రామదాసే. త్యాగరాజు (1767–1847) ‘క్షీరసాగర శయన’ కీర్తనలో, రామదాసు బంధం తీర్చిన సంగతి విన్నానని స్వామికి గుర్తుచేస్తాడు. రామదాసుకు ఉడుత ఎలాగో త్యాగరాజుకు రామదాసు అలాగ. ఐతిహ్యం విలువ ఇక్కడ తెలుస్తుంది: అది చరిత్రకు రుజువు కాకపోయినా, తర్వాతి భక్తుని ప్రార్థనకు ఆధారమైంది.

5. ముగింపు

ప్రార్థనను విడుదలతోనే కొలిస్తే, చెరలోనే ముగిసిన జీవితాల ప్రార్థనలన్నీ వ్యర్థమని ఒప్పుకోవలసి వస్తుంది. రామదాసు కీర్తనలు ఆ కొలతకు లొంగవు. లెక్క చెప్పడం, అమ్మతో చెప్పించడం, పాత కరుణను గుర్తుచేయడం అనే మూడూ దేవుణ్ణి దూరపు న్యాయాధిపతి స్థానం నుంచి దించి, ఇంటిమనిషిగా, బాకీదారుగా నిలబెడతాయి. అలా నిలబెట్టిన తర్వాత ఆయన మౌనం కూడా ఆ బంధంలోని మౌనమే అవుతుంది. అందుకే రామదాసు అలుగుతాడు, తిడతాడు, క్షమించమంటాడు. పిలవడం మాత్రం మానడు.