నీడలకు పని చెప్పే వెలుగు

పొద్దుగూకాక హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల మీద, బండ్ల హెడ్‌లైట్లకు అడ్డొచ్చిన మనుషుల నీడలు నిలువునా సాగి మాయమవుతాయి. ఎవరూ పట్టించుకోరు. ఆ నీడలతోనే, ఆ కదలికలతోనే ఒక కళ ఉంది. వెలుగు మన ఒంటిని కనిపెట్టి మారుతుంది. చూడవచ్చినవాళ్లే అందులో పాత్రధారులు.

2001లో రఫాయెల్ లొజానో హెమర్ అనే కళాకారుడు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 'బాడీ మూవీస్' ప్రదర్శించాడు. వీధుల్లో తీసిన మనుషుల ఫొటోలను ప్రొజెక్టర్లతో పెద్ద గోడ మీద వేశాడు. నేల మీద పెట్టిన దీపాల ధాటికి అవి కనిపించవు. దారినపోయేవాళ్ల నీడ ఎక్కడ పడితే అక్కడ ఫొటో బయటపడుతుంది. దీపం దగ్గరికి వస్తే నీడ ఇరవై అయిదు మీటర్ల దాకా పెరుగుతుంది, గోడ వైపు నడిస్తే మనిషంత అవుతుంది. కెమెరా ఆ నీడల్ని కనిపెడుతూ ఉంటుంది. ఫొటోలన్నీ నీడల్లోకి వచ్చాకే కొత్తవి పడతాయి. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడబలుక్కుని జరగాలి. ఈ కళ విలువంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

దీపానికీ తెరకూ మధ్య ఉన్న ఈ దూరం లెక్క మన తోలుబొమ్మలాటవాళ్లకు తరతరాలుగా తెలుసు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఈ ఆటను ప్రస్తావించాడు. వెలుగు దిగేంత పలచగా గీకిన తోలుకు రంగులద్ది, నగల చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే ఆ చిల్లులన్నీ మిలమిలా మెరుస్తాయి. దీపం వైపు లాగితే అంచులు చెదిరి, ఆకారం పెరుగుతుంది. ఆడించేవాళ్లు కాలికింది చెక్కను తొక్కి యుద్ధాల చప్పుడు పుట్టిస్తారు. జనం నవ్వితే హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్కల సరసం ఇంకాస్త సాగుతుంది. ప్రేక్షకుణ్ణి బట్టి మారే వెలుగు మనకు కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో ఇప్పుడు అదే తోలుతో ల్యాంప్ షేడ్లూ చేస్తున్నారు.

ఇక పరికరాలు. 2010లో ఆటల కోసం వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్ కంటికి కనపడని పరారుణ కిరణాలతో దూరం కొలిచి, చీకట్లో కూడా మనిషి ఆకారాన్ని పోల్చుకునేది. అది బజారులోకి వచ్చాక ఈ కళ చిన్న కళాకారులకూ అందింది.

ఎల్బీనగర్‌లో విజయవాడ, నల్గొండ బస్సుల కోసం జనం రాత్రిళ్లు నిలబడి ఉంటారు. మెట్రో కూడా అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి ఆట పెట్టడానికి అంతకంటే మంచి చోటు నాకు తోచదు. బండి నడిపేవాళ్ల కళ్లలో వెలుగు పడకుండా ఫుట్‌పాత్ పక్క గోడొకటి చూసుకోవాలి. దాని మీద నిమ్మలకుంట బొమ్మలు నీడలకు స్పందించేలా వేయాలి. బొమ్మల రూపం, కదలిక ఆ కళాకారులే నిర్ణయించాలి, వాళ్లకు తగిన ప్రతిఫలం ముట్టాలి. ముఖాలను రికార్డు చేసి పెట్టుకునే కెమెరాలు మాత్రం వద్దు, దూరం కొలిచే సెన్సార్ చాలు.