ముప్ఫై ఆరు స్పోకులు

వంద కిలోలు దాటిన మనిషి సైకిలు కొనడానికి షాపుకి వెళ్తే ఫ్రేము చూపిస్తారు, గేర్లు చూపిస్తారు, డిస్క్ బ్రేకులు చూపిస్తారు. వెనక చక్రం మాట ఎవరూ ఎత్తరు. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ఓ రోజు ఏ స్పీడు బ్రేకరు దగ్గరో టింగుమని ఒక స్పోకు తెగుతుంది. కొత్తది వేయిస్తాం. అది వేసిన పక్షానికి పక్కది తెగుతుంది. ‘మీ బరువుకి సైకిలు ఆగదు సార్’ అని మెకానిక్ తేల్చేస్తాడు. ఆ మాట నమ్మి సైకిల్ని మెట్ల కింద పడేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. నాదీ వంద దాటిన ఒళ్లే కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఆ తీర్పు తప్పు. సరిగ్గా కట్టిన చక్రం మన బరువు మోస్తుంది, ఏళ్ల తరబడి మోస్తుంది.

మన పల్లెల్లో నల్ల సైకిలు మోసిన బరువులు గుర్తు చేసుకోండి. ముందు కడ్డీ మీద పిల్లవాడు, వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా, తొక్కేది ఒక నిండు మనిషి, దారంతా గతుకులు. జార్ఖండ్‌లో అలాంటి సైకిళ్ల మీదే రెండేసి వందల కిలోల బొగ్గు వేసి నెట్టుకుపోతారు. ఆ సైకిలుకి మూలమైన ఇంగ్లీషు రోడ్‌స్టర్లలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు వేసేవారు. బరువులో ఎక్కువ పాలు వెనకే పడుతుందని తెలిసినవాళ్ల లెక్క అది. ఇప్పుడు షోరూముల్లో మెరిసే రేసు సైకిళ్లకి వెనక 24, ఒక్కోసారి 20 ఉంటున్నాయి. అరవై కిలోల కుర్రాడికి అవి చాలు. మనకి చాలవు.

ఎందుకో తెలియాలంటే చక్రం బరువెలా మోస్తుందో చూడాలి. బండి చక్రానికి కర్ర ఆకులు ఉంటాయి. ఇరుసు కింద ఉన్న ఆకు గుంజలా నిలబడి బరువు మోస్తుంది. సైకిలు స్పోకు రెండు మిల్లీమీటర్ల తీగ. దాన్ని నొక్కితే వంగిపోతుంది, లాగితేనే దాని సత్తా తెలుస్తుంది. లాగి బిగించిన తీగలతో చక్రం తేలిగ్గా చేయొచ్చని 1808లో జార్జ్ కేలీ అనే ఇంగ్లీషాయన తన ఎగిరే యంత్రం కోసం ఆలోచించాడు. చక్రం నడిమి హబ్బు నుంచి స్పోకుల్ని నేరుగా కాకుండా పక్కవాటుగా, ఒకదాన్నొకటి దాటుతూ పోనిచ్చే పద్ధతికి 1874లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. తొక్కుడు బలం హబ్బు నుంచి రిమ్ముకి చేరాలంటే ఈ వాటం కావాలి. నేటికీ మనం కట్టేది ఆ చక్రమే.

మరి స్పోకు ఎందుకు తెగుతుంది? దీన్ని శ్రద్ధగా లెక్కగట్టి చెప్పినవాడు అమెరికన్ ఇంజనీరు జోబ్‌స్ట్ బ్రాంట్. 1981లో ‘ది బైసికిల్ వీల్’ అని ఒక పుస్తకం రాశాడు. మనం సీటెక్కగానే నేలకి ఆనిన చోట రిమ్ము వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుంటుంది. అక్కడున్న నాలుగైదు స్పోకుల బిగువు తగ్గుతుంది, మిగతావాటిలో పెద్ద మార్పుండదు. చక్రం తిరుగుతుంటే ప్రతి స్పోకూ కిందికొచ్చి సడలుతుంది, పైకి పోతూ మళ్లీ బిగుస్తుంది. 700సి సైజు చక్రం చుట్టుకొలత టైరుతో కలిపి సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకి 475 సార్లు, వెయ్యి కిలోమీటర్లకి నాలుగు లక్షల డెబ్బై ఐదు వేల సార్లు. స్పోకుకి ముందే తగినంత బిగువు ఉంటే కిందికొచ్చినప్పుడు కొంత తగ్గినా ఇంకా లాగే ఉంటుంది. బిగువు చాలకపోతే పూర్తిగా వదులైపోయి, హబ్బు దగ్గర వంపులో కదులుతూ, ఆ లోహం అలిసి అక్కడే తెగుతుంది. మనిషి బరువుని బట్టి ఆ సడలింపు పెరుగుతుంది. కాబట్టి బరువైన మనిషికి స్పోకులు ఎక్కువ కావాలి, అన్నీ సమానంగా, గట్టిగా బిగించి ఉండాలి.

24 స్పోకుల్ని 36కి పెంచితే చక్రం బరువెక్కదా అంటారు. పన్నెండు స్పోకులూ, వాటిని రిమ్ముకి బిగించే నిపిళ్లూ కలిపి తూచినా వంద గ్రాముల దగ్గరే. వంద కిలోల మనిషికి వంద గ్రాములు ఒక లెక్కా! పైగా 36 స్పోకుల చక్రంలో ఒకటి తెగినా మెల్లగా ఇల్లు చేరొచ్చు. 20 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము వంకరై ఫ్రేముకి రాసుకుంటుంది. రాత్రిపూట ఊరికి దూరంగా ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

గేర్ల సైకిలుకి ఇంకో చిక్కుంది. పళ్లచక్రాలన్నిటికీ చోటివ్వడానికి హబ్బు కుడి అంచుని లోపలికి జరిపారు. రిమ్ము మాత్రం ఫ్రేము నడిమధ్యే ఉండాలి. దాంతో కుడి స్పోకులు దాదాపు నిటారుగా, ఎడమవి బాగా వాలుగా నిలుస్తాయి. నిటారుగా ఉన్నవాటిని ఎక్కువ బిగిస్తే తప్ప రిమ్ము మధ్యకి రాదు. కుడివైపు 100 నుంచి 120 కిలోల బిగువు పెడితే ఎడమవైపు అందులో సగానికి కాస్త పైన మాత్రమే వస్తుంది. కొన్ని రిమ్ములకి స్పోకు రంధ్రాలు మధ్యగీత నుంచి ఎడమకి జరిపి చేస్తారు, వాటితో ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. దొరికితే వదలొద్దు.

రెండో ఉపాయం వింటే మొదట నమ్మబుద్ధి కాదు. నడుము సన్నగా ఉన్న స్పోకు లావుపాటి స్పోకు కంటే ఎక్కువకాలం ఉంటుంది. రెండు చివర్లా 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 ఉన్న స్పోకుని బిగిస్తే ఆ సన్నటి భాగం కాస్త ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగి ఉంది కాబట్టి కిందికొచ్చినప్పుడు అంత తొందరగా వదులవదు. గుంతల్లో పడ్డప్పుడు దెబ్బని నడుము తీసుకుంటుంది, వంపు బతికిపోతుంది. ఎడమవైపు ఇవి తప్పనిసరి అనే నా అభిప్రాయం. కుడివైపుకి డీటీ స్విస్ వాళ్ల ఆల్పైన్ 3 లాంటివి ఇంకా మంచివి. తెగే చోటైన వంపు దగ్గర 2.34, నడుమ 1.8, మర దగ్గర 2 మిల్లీమీటర్లు. నిపిళ్లు ఇత్తడివే తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి అల్యూమినియం నిపిళ్లు స్పోకుకి పట్టేసి తిరగనంటాయి.

రిమ్ము రెండు పొరల అల్యూమినియంది, కాస్త వెడల్పుది చాలు. కార్బన్ జోలికి వెళ్లక్కర్లేదు. టైరు 35 మిల్లీమీటర్లకి తగ్గకుండా, ఫ్రేములో పట్టినంత వెడల్పుది వేయండి.

ఇక కట్టడం. మెషీన్లు కూడా చక్రాలు కడతాయి, రిమ్ముని చూడ్డానికి తిన్నగానే తిప్పుతాయి. చవకరకం సైకిళ్లకి ఆ పని అక్కడితో ఆగిపోతుంది. తిన్నగా తిరిగే చక్రంలో ఒక స్పోకు గట్టిగా, పక్కది వదులుగా ఉండొచ్చు. చేయి తిరిగినవాడు కట్టేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. మరలకి చుక్క అవిసె నూనె రాస్తాడు. మొదటి స్పోకుని వాల్వు రంధ్రం పక్కన పెడతాడు. ఒక్కో వైపు పద్దెనిమిది, అందులో తొమ్మిది లోపలి నుంచి, తొమ్మిది బయటి నుంచి. ప్రతి స్పోకూ మూడింటిని దాటాలి, మూడోదాని దగ్గర కిందుగా దూరి పోవాలి. అంతా అల్లాక వాల్వు దగ్గర పంపు దూరేటంత చోటు మిగలకపోతే మొదలు పెట్టిన చోటే తప్పని అర్థం, విప్పాల్సిందే.

బిగింపు ఒక్కసారిగా జరగదు. నిపిల్ కీతో అన్నిటికీ అరచుట్టు, మళ్లీ అన్నిటికీ పావుచుట్టు. బిగువు పెరిగాక నిపిల్‌తో పాటు స్పోకు కూడా మెలిపడుతుంది. అందుకే కావలసినదానికన్నా కాస్త ఎక్కువ తిప్పి, ఆ కాస్తా వెనక్కి తిప్పుతాడు. ఈ మెలి విప్పకుండా ఇచ్చిన చక్రం మొదటిరోజు రోడ్డు మీద టిక్కుటిక్కుమంటూ తనే విప్పుకుని బెండు తిరుగుతుంది. తర్వాత జంట స్పోకుల్ని రెండు చేతుల్తో పట్టి, వేళ్లు నొప్పెట్టేటంత బలంగా పిసుకుతాడు. చక్రం చుట్టూ అలాగే. వంపులో తయారీనాడే మిగిలిపోయిన ఒత్తిడి అప్పుడు పోతుంది. తెగడాన్ని ఆపే పనుల్లో దీనికే పెద్దపీట వేశాడు బ్రాంట్. తొందరపడే మెకానిక్ వదిలేసేదీ దీన్నే. చివరికి వేలితో ఒక్కో స్పోకునీ మీటి వింటాడు. ఒకవైపువన్నీ ఒకే శ్రుతి పలకాలి. టెన్షన్ మీటరు ఉంటే దానితోనూ చూసుకుంటాడు, కానీ చెవి చాలామటుకు పొరబడదు.

ఈ పని తెలిసినవాళ్లు పెద్ద షాపుల్లోనే ఉంటారనుకోవద్దు. సైకిల్ని తలకిందులు చేసి, ఫోర్కుకి సుద్దముక్క ఆనించి, రిమ్ము మీద గీత పడ్డ చోటు చూసి బెండు తీసే పాత మెకానిక్కులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మంచి హబ్బు, స్పోకులు మీరే తెప్పించుకుని, నిపుణుడి దగ్గర ఒకపూట కూర్చోండి. పావుగంట పనికిచ్చే డబ్బు ఇచ్చి ఒకపూట పని అడగొద్దు. కొత్త చక్రానికి స్తోమత లేకపోతే కంపెనీ చక్రాన్నే ఆయన చేత మళ్లీ సమంగా బిగింపించి, పిసికించుకోండి. స్పోకులు మరీ తక్కువ లేకపోతే దానితోనే చాలాకాలం గడుస్తుంది.

కట్టించుకున్నాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి ఒకసారి తీసుకెళ్లి చూపించండి. వెనక చక్రానికి కుడి, ఎడమ స్పోకుల పొడవులు వేరు, ఆయన్ని అడిగి రెండూ రాసిపెట్టుకోండి. ఒక్కో పొడవుకి రెండేసి అదనపు స్పోకులు కొని, ఫ్రేము వెనక కడ్డీకి టేపుతో అంటించి ఉంచండి.