ఎనిమిది గీతలు కలిసే చోటు

చలికాలం వస్తే అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఫుట్‌పాత్‌ల మీద ఊలు టోపీలు కుప్పలుగా పోసి అమ్ముతారు. మెట్రో దిగి వచ్చేవాళ్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, నిమ్స్‌లో రోగులకు తోడుగా ఉంటున్నవాళ్లు బేరమాడి కొనుక్కుంటారు. వాటిలో ఒకదాన్ని తీసుకుని నడినెత్తి దగ్గర చూడండి. చాలావాటిలో గొట్టంలా దిగిన బట్టకు పైఅంచున దారం గుచ్చి, సంచి మూతిలా బిగించేసి ఉంటారు. మడతలన్నీ అక్కడే పోగుపడతాయి. ఆ ముద్ద కనబడకుండా పైన ఓ కుచ్చుబంతి. తక్కువ ధరకు చెవులు కాచే వస్తువు, దానికి వంక పెట్టను. కానీ చేత్తో అల్లేవాళ్ల అసలు ప్రతిభ తెలిసేది ఆ నడినెత్తి దగ్గరే.

అమీర్‌పేటలో ఉండే మా పిన్ని అల్లిన టోపీ ఇప్పుడు నా ముందుంది. మెంతిరంగు, అంచు నుంచి నెత్తి దాకా నిలువు చారలు. కుచ్చుబంతి లేదు, దాంతో అవసరమూ లేదు. కీమో వల్ల జుట్టు రాలిపోయిన ఎదురింటావిడ కోసం అల్లింది. ఆ సమయంలో మాడు చర్మం సున్నితంగా ఉంటుంది, ఊలు గుచ్చుకుంటుంది. అందుకే నూలుదారం తీసుకుంది. అయితే నూలుకు ఊలులా సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ. ఆ లోటును అల్లికే తీర్చాలి. మామూలుగా ఎనిమిదో తొమ్మిదో నంబరు సూదులు పట్టే మనిషి, దీనికి పదో నంబరు పట్టింది. మన కొట్లలో ఇంకా నడుస్తున్న పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. పది అంటే 3.25 మిల్లీమీటర్లు. సన్నసూదితో కుట్లు దగ్గరగా పడి బట్టకు బిగువొస్తుంది.

చారల సంగతి చూడండి. రెండు సీదా, రెండు ఉల్టా, మళ్లీ రెండు సీదా. సీదా కుట్ల నిలువు వరస ముందుకు పొంగుతుంది, ఉల్టా వరస వెనక్కి తగ్గుతుంది. అలా బట్ట అడ్డంగా ముడుచుకుంటుంది. టోపీ బల్ల మీదుంటే పసిపిల్లలది అనుకుంటాం, తలకు పెట్టగానే సాగి పెద్దవాళ్లకు సరిపోతుంది. పైగా ఒట్టి సీదా అల్లిక అంచులు చుట్టుకుపోతాయి, చారల అల్లిక చక్కగా నిలబడుతుంది. యంత్రానికి ఇది అంత తేలిగ్గా పట్టుబడలేదు. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రం చేస్తే, దానికి జెడెడయా స్ట్రట్ చారల అల్లిక నేర్పి పేటెంటు తీసుకున్నది 1759లో. నూటడెబ్బై ఏళ్లు పట్టింది.

పిన్ని మొదట ఎక్కించిన కుట్లు 96. ఈ అంకెను నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. నాలుగుతో భాగిస్తే 24 చారలు నిండుగా వస్తాయి. ఎనిమిదితో భాగిస్తే భాగానికి 12 కుట్లు. అంటే నెత్తిమీద వచ్చే నక్షత్రం అంచు దగ్గరే, మొదటి వరసలోనే నిర్ణయమైపోయింది. ఆ మొదటి వరసను వదులుగా వేసింది. బిగిస్తే నుదుటి మీద గీత పడుతుంది.

ఇక నెత్తి. ఇరవైనాలుగు చారల్లో ఎనిమిదింటిని ముఖ్యమైనవిగా ఎంచుకుంది. ఒక్కో ముఖ్యచారకూ తరువాతి ముఖ్యచారకూ మధ్య పది కుట్లు మిగులుతాయి. ముఖ్యచారకు ముందున్న కుట్టును దాని మొదటి సీదాతో కలిపి, తరువాతున్న కుట్టును రెండో సీదాతో కలిపి అల్లుతుంది. మొదటి జతను కుడికి వాల్చాలి, రెండోదాన్ని ఎడమకు. అప్పుడే ముఖ్యచార పైన నిలిచి, పక్క కుట్టు దాని కిందికి దూరిపోతుంది. "సీదా పైకి తేలాలమ్మా, మిగతావి దాని చాటుకు పోవాలి" అంటుంది పిన్ని. వాల్పు తారుమారైతే గీత రంపపు పళ్లలా తెగిపోతుంది. ఈ టోపీలో ఎనిమిదింట ఒక్కటీ తెగలేదు.

తగ్గించిన ప్రతిసారీ 16 కుట్లు పోతాయి. 96, 80, 64, 48, 32, చివరికి 16. మధ్యనున్న పది కుట్లు రెండువైపుల నుంచీ ఒక్కొక్కటిగా కరిగి, సరిగ్గా ఐదోసారికి సున్నా అవుతాయి. మిగిలేవి ఆ ఎనిమిది చారల జంట కుట్లే. నాలుగు వరసలకోసారి తగ్గించింది. ఇంకా తొందరపడితే ముడతలు, ఆలస్యమైతే కోసుగా లేచిన శిఖరం. నెత్తి దగ్గరపడ్డాక కుట్లు పొడుగు సూదికి చాలవు కాబట్టి రెండు కొసలా మొనలున్న పొట్టి సూదులు ఐదింటిపైకి మార్చింది. ఆ మార్పు జరిగిన చోటు ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నరసాపురం లేసు చూసినవాళ్లకు ఈ నక్షత్రం కొత్తగా అనిపించదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో ఒక్క కొక్కెం సూదితో నడిమధ్య మొదలుపెట్టి, కుట్లు పెంచుతూ బయటికి వస్తారు. ఇక్కడ బయట మొదలుపెట్టి నడిమధ్యకు వెళ్లాలి. అందుకే ఇది మరింత కష్టమని నా అభిప్రాయం. అక్కడ పువ్వు మొదట్నుంచీ కళ్ల ముందుంటుంది. ఇక్కడ టోపీ ముప్పాతిక వంతు పూర్తయ్యేదాకా లెక్కనే నమ్ముకోవాలి.

టోపీని లోపలికి తిప్పాను. చివరి పదహారు కుట్లలోంచి దారాన్ని రెండుసార్లు లాగి బిగించింది. నూలు జారుడు కాబట్టి ఆ కొసను ఒక చార వెంట కిందికి దించి, మళ్లీ వెనక్కి తిప్పి దాచింది. మాడుకు తగిలే ముడి ఒక్కటీ లేదు. ఎవరైనా మీకు చేత్తో అల్లిన టోపీ ఇస్తే, పెట్టుకునే ముందు ఒక్కసారి నెత్తివైపు చూసి, లోపలికి కూడా తిప్పి చూడండి. అల్లినవాళ్లకు మీరు చూసింది ఏమిటో చెప్పండి.