రాత్రి కాపలా ఎవరు?

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి టెక్సస్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. అక్కడ తెల్లవారుజాము నాలుగు. పలకరింపు లేదు. "మావయ్యా, నేను పక్కనే ఉన్నాను" అంది. పిల్ల పోయిందని ఆ తర్వాత చెప్పింది.

ఆ మొదటి మాట నా కోసమే అన్నదని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆమె పెంచేవి మినియేచర్ గుర్రాలు. 1978లో అక్కడ ఏర్పడ్డ సంఘం నియమం ప్రకారం, మెడ మీద జూలు ముగిసే చోట కొలిస్తే 34 అంగుళాలు మించకూడదు. పదకొండు నెలల చూడి. చన్నుల కొసన మైనంలా కట్టిన రోజు నుంచీ షెడ్డులోనే పక్క వేసుకుంది. గుర్రాలు ఎక్కువగా మనుషులు నిద్రపోయే వేళకే ఈనుతాయి మరి.

గేదెకైతే కొంత వ్యవధి ఉంటుంది, గుర్రానికి ఉండదు. ఉమ్మనీరు పోయాక అరగంటలోపు పిల్ల బయటపడాలి. ఆలస్యమైతే లోపలే మాయ విడిపోయి పిల్లకి ప్రాణవాయువు అందదు. ముందుకాళ్లు రెండూ, వాటి మీద ఆనిన ముక్కు కనిపిస్తే భయం లేదు. ఆ రాత్రి కాళ్లు కనిపించాయి, ముక్కు కనిపించలేదు. మెడ వెనక్కి మడత పడింది. పెద్ద గుర్రమైతే పిల్లని లోపలికి నెట్టి మెడ సరిచేయడానికి కాస్త చోటుంటుంది. వీటిలో తల్లి కటి ఇరుకు, పిల్ల తల పెద్దది, చెయ్యి ఆడదు. డాక్టరు వచ్చేసరికి నలభై నిమిషాలు. అంతసేపూ తల్లిని ముక్కనివ్వకుండా లేపి నడిపిస్తూనే ఉందట. ఆయన తల్లిని మాత్రం దక్కించాడు.

మనిషి ముచ్చట కోసం ప్రాణుల్ని పొట్టివి చేయడం మీద ఈ వారం రాద్దామని కూర్చున్నాను. అందులో నిజముంది, ఇంకో వారం రాస్తాను. కలం మాత్రం మా పాకవైపు నడిచింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాతపాట తెలుసు: చూడి పశువు దగ్గర రాత్రి మనిషి పడుకోవాలి. ఎవరింట్లో దూడ పోయిందన్నా "రాత్రి కాపలా ఎవరు?" అనే అడుగుతాను. ఆ ప్రశ్న మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లు. మా పడ్డ తొలిచూలు. నాన్న నాలుగు రాత్రులు పాకలో పడుకున్నారు. ఐదో రాత్రి పక్కూళ్లో దగ్గరి చుట్టాల పెళ్లి, వెళ్లక తప్పలేదు. తెల్లారేసరికి దుడ్డె సగం బయటికొచ్చి చచ్చి ఉంది. నాన్న గుమ్మంలో కాలు పెట్టకముందే నాయనమ్మ ఆ ప్రశ్న అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. దూడ లేకపోతే పాలు చేపదని, తోలు ఒలిపించి గడ్డి కూరి కుట్టించి కట్టుకొయ్య పక్కన నిలబెట్టారు. తల్లి దాన్ని నాకుతూ చేపేది. నాన్న పాలు పిండుకుని, ఆ గడ్డిదూడ వైపు చూడకుండా లేచి వెళ్లేవారు. ఆ ఈతకి మా ఇంట్లో జున్ను వండలేదు.

ఆయన ఆ రాత్రి పాకలోనే ఉంటే? పశువుల ఆసుపత్రి ఏడు మైళ్లు, బండి కట్టుకుని వెళ్లాలి. అన్నీ తెలిసి, పక్కనే ఉండి, ఫోన్ చేతిలో ఉన్న మా పిల్లకే దక్కలేదు. ఈ లెక్క నాన్న బతికుండగా నేను ఒక్కసారైనా వేసి, ఆయనకి చెప్పి ఉండాల్సింది.

కాపలా ఉండమని ఇప్పటికీ చెబుతాను. ఆ తల్లి బతికింది దానివల్లే. పిల్లని పోగొట్టుకున్నవాళ్లని మాత్రం ఆ ప్రశ్న ఇక అడగను. పోయినప్పుడు దాన్ని ఎవరూ ప్రశ్నగా వినరు, నేరం మోపినట్టే వింటారు. మా మేనకోడలు నేను అడగకముందే సంజాయిషీ చెప్పుకుంది.

గురువారం నేనే ఫోన్ చేశాను. "తల్లి గడ్డి ముట్టిందా?" అని అడిగాను. పిల్లని తెల్లారేదాకా దాని దగ్గరే ఉంచారట. వాసన చూసి, మూతితో కదిపి, పిలిచి పిలిచి, పొద్దెక్కాక తనంతట తనే గడ్డి వైపు తిరిగిందట. అది చెప్పాక మా పిల్ల ఏడ్చింది.