ప్రకటన రాబడీ, రాత నడకా

సాహిత్యానికి ప్రకటనల సొమ్ము మైల అనే మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. ఆ మాట అనేవారు 'భారతి'ని మరిచిపోయినట్టున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించారు. 1914లో దాన్ని మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' తెచ్చారు. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయింది. మద్రాసులోనే కేసరిగారి 'లోధ్ర' మందు 1928లో పుట్టిన 'గృహలక్ష్మి'కి అండగా నిలిచింది. కనుక డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. (బి.కాం. చదివి బ్యాంకు జీతం తింటున్నవాడు ఇంకేమంటాడని మీరు నవ్వుకోవచ్చు.) ఆ డబ్బు దేన్ని లెక్కపెట్టి వస్తుందన్నదే నా ప్రశ్న.

అమృతాంజనం ప్రకటన చూసి ఎవరు డబ్బా కొన్నారో, దాని పక్క పేజీలోని వ్యాసం ఎందరు చదివారో పంతులుగారికి తెలిసే దారి లేదు. ఆ తెలియకపోవడమే ఎన్నో వ్యాసాలను కాపాడింది. ఒక శాసనం మీద పండితుడొకరు పది పేజీలు రాస్తే, ఆ పది పేజీలూ ఎన్ని డబ్బాలు అమ్మించాయని అడిగినవారు లేరు.

ఇప్పుడు ఆ లెక్క తెలుస్తోంది. గూగుల్ సంస్థ 2003లో యాడ్‌సెన్స్ అనే ఏర్పాటు తెచ్చింది. తెలుగు రాతలకు అది 2018లో అందింది. ప్రకటనదారు ఇచ్చే నూరు రూపాయల్లో సుమారు 68 రాసినవారికి చేరతాయి. ఈ పాలు తక్కువేమీ కాదు. రచయితకు పారితోషికంగా రెండు కాపీలు పంపి ఊరుకునే మన పత్రికలు దీన్ని వేలెత్తి చూపలేవు. అయితే ఖాతాలో 100 డాలర్లు నిండేదాకా సొమ్ము చేతికి రాదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ప్రకటన చోటు వేలంలో అమ్ముడవుతుంది. చదివేవాడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ధర మారుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాడి చూపుకు పలికే ధర హోసూరులోనో బరంపురంలోనో ఉన్నవాడి చూపుకు పలకదు. రాసేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, రోజూ కనబడే అంకెలే చెబుతాయి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కృష్ణగిరి వైపు రైతుల మాటల మీద రాస్తుండేవారు. కపిల మీద ఆయన రాసిన పాత వ్యాసం గిలకతో మొదలవుతుంది. గిలక మీద మోకు, మోకుకు తోలు బాన, ఎడ్లు ఏటవాలు బాటలో దిగడం, బాన పైకి రావడం - పని నడిచిన వరుసలోనే వాక్యం నడుస్తుంది. ఎద్దు ఆగిన చోట వాక్యమూ ఆగుతుంది. పిల్లలు ఆయన రాతలకు ప్రకటనలు పెట్టించారు. ఏడాది తరువాత అదే వ్యాసాన్ని ఆయన తిరగరాశారు. పేరు 'ఈ పాత మాట వెనుక రహస్యం తెలిస్తే ఆశ్చర్యపోతారు!' గిలక ఇప్పుడు చివరికి పోయింది. ముందంతా ఊరింపే. ఒక్కో వాక్యం ఒక్కో పేరా. మధ్య మధ్య ప్రకటనకు చోటు. విషయం ఒక్కటే, సమాచారంలో తప్పూ లేదు. పోయింది వరుస. చదివేవాడికి ముందు తెలియవలసినదాన్ని వెనక్కి నెట్టి, వాడు తెర జరుపుతూ పోయేట్టు చేయడం కొత్త శిల్పం కాదు, బేరగాడి ఎత్తు. ఆపైన ఆయన రైతుల మాటలు మానేసి రాశిఫలాలకు దిగారు. వాటికి రాబడి బాగానే ఉందట. పెన్షను చాలని మనిషి, ఆయన్ను నేను తప్పుపట్టను. కానీ ఆ ప్రాంతపు మాటలు రాసిపెట్టే మరో చెయ్యి నాకు కనబడడం లేదు.

మాటల జాబితాలు తయారుచేయడానికి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి. వాటి జాబితాలో 'బాన' అన్న మాట దొరుకుతుంది, ఎద్దు ఆగడం దొరకదు.

మన సోలాపూరు, బళ్లారి, యానాం మిత్రులు పత్రిక నడపడానికి ఏం చేయాలని ఉత్తరాలు రాస్తున్నారు. ప్రకటనలు తీసుకోండి, మొహమాటపడకండి. ఊళ్లో బట్టలకొట్టువారిని దీపావళి సంచికకు అరపేజీ అడగండి. ఏడాదికొకసారి ఇచ్చే ఆ మొత్తం ఎదుటి పేజీలో ఏముందో చూసి పెరగదు, తగ్గదు. తెర మీద రాసేవారు కూడా రాబడి వచ్చే రాతలు ఒకచోట, కపిల వంటివి మరొకచోట పెట్టుకోవచ్చు. వ్యాపారంలో రెండు ఖాతాలు నడపడం నేరమేమీ కాదు. మాస్టారి పాత వ్యాసం కాగితం మీది ప్రతి నా దగ్గర ఉంది. సంపాదకులు చోటిస్తే, గిలక ముందున్న ఆ పాఠాన్నే పంపిస్తాను.